రెండో ప్రతివాది గోడు

ఒక్క లారీ ఉంటే చాలు, నిజామాబాద్‌లో మనిషిని సేట్ అంటారు. ఆ బిరుదు బరువెంతో బండి ఎవరినైనా తగిలేదాకా తెలియదు. చెరుకు దించి ఖాళీగా వస్తున్న మా బండి ఎడపల్లి దగ్గర ఒక మోటార్‌సైకిల్‌ను తగిలింది. పాపం, ఆయన కాలు విరిగింది. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు, ఆయన మీద నాకే కోపమూ లేదు. నా ఆక్రోశమంతా న్యాయవ్యవస్థ నాకు ప్రసాదించిన పదవి గురించి. మొదటి ప్రతివాది డ్రైవరు, మూడో ప్రతివాది బీమా కంపెనీ, నడుమ నేను. నడిపింది మొదటివాడు, డబ్బున్నది మూడోదానికి, బీపీ పెరిగింది మాత్రం రెండోవాడికి.

సంగతి తెలియగానే సలహాల జాతర మొదలైంది. డ్రైవర్‌ను ఊరు దాటించు, బండిని బంధువుల పొలంలో పెట్టు, దవాఖానకు పోయి పదివేలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం తీసుకో, ఠాణాకు పోకు, బీమావాళ్లకు అస్సలు చెప్పకు, వచ్చే ఏడు ప్రీమియం పెంచుతరు. ఇన్ని చెప్పిన మహానుభావుల్లో ఒక్కరికీ లారీ లేదు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ మాత్రం సూటిగానే ఉంది: దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రికి చేర్చు, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యి. మా డ్రైవరు పారిపోలేదు, అన్నీ చేశాడు. పారిపోయేవారికి పదేళ్ల దాకా జైలంటూ న్యాయ సంహితలో 106(2) పెట్టినందుకే కదా 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగింది, హైదరాబాద్ బంకుల ముందు జనం బారులు తీరింది! ఆ ఏడు జూలై 1న సంహిత అంతా అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్ మాత్రం రాలేదు. కేంద్ర ప్రభుత్వాన్నే ఆపిన ఘన చరిత్ర మన రవాణా జాతిది. ఠాణా ఆవరణలో ఉన్న సొంత బండిని తెచ్చుకోవడానికి మాత్రం ఎంవీఐ వచ్చి బ్రేకులు చూడాలి, మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి, పూచీకత్తు ఇవ్వాలి. ఇవన్నీ అయ్యేసరికి లారీ ఉంది. బ్యాటరీ లేదు.

ఆ తర్వాత సమన్లు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు తానున్న చోట కూడా పరిహారం కేసు వేసుకోవచ్చునని 166వ సెక్షన్ చెబుతుంది. ఆయనది మంజీర అవతలి ఊరు. కాబట్టి కాగితం మరాఠీలో వచ్చింది. మా ఆవిడ దాన్ని శుభలేఖ అనుకుని నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టింది. పసుపుకేం, మా ఊళ్లో కొదవలేదు.

"బీమా ఉంది కదా, వాళ్లే చూసుకుంటరు" అని ఎవరైనా అంటే, అయ్యా, నమ్మకండి. మీరు వకీలును పెట్టుకోకుండా, కౌంటర్ వెయ్యకుండా కూర్చుంటే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి బండి ముందుకు పోతుంది. ఇక మన పక్షాన నిలబడుతుందనుకున్న మూడో ప్రతివాది తన కౌంటర్‌లో ఏమంటుంది? లైసెన్సు చెల్లదట, పర్మిట్ లేదట, ఫిట్‌నెస్ దాటిపోయిందట, తమకు చెప్పనేలేదట. ఇందులో ఒక్కటి రుజువైనా, బాధితుడికి ముందు కంపెనీ కట్టి ఆనక మన దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలాసార్లు అన్నాయి. యజమాని నిర్లక్ష్యాన్ని కంపెనీయే నిరూపించాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పనిలో పెట్టుకున్న రోజే తీసుకున్న డ్రైవర్ లైసెన్సు జిరాక్స్, ఏటేటా చేయించిన ఫిట్‌నెస్, పర్మిట్, పాలసీ, కంపెనీకి పంపిన ఉత్తరం తాలూకు పోస్టాఫీసు రసీదు, అన్నీ ఇప్పుడు ఇంటి దస్తావేజుల పెట్టెలో ఉన్నాయి. పెళ్లినాటి పట్టుచీర బయటికి వచ్చింది. అదింకో కేసు.

మామూలు తేలిక వాహనాల లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ మిఠాయి పంచాను. మా బండి పది టైర్లది.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే మళ్లీ అప్పీలు ఉండదనీ, అందరికీ అదే మేలనీ వకీలు సాబ్ అంటున్నారు. స్టాంపు కాగితం రాజీకీ దీనికీ ఎంత తేడా ఉందో వివరించి, దానికి వేరే ఫీజు తీసుకున్నారు. మొన్న పేషీకి పోతే బల్ల మీద నా పక్కనే వాది కూర్చున్నాడు. ఆయనా చెరుకు రైతేనట. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి చెరుకు ఎంత దూరం మొయ్యాల్సి వస్తోందో, కిరాయిలు ఎట్లా మండుతున్నాయో చెప్పుకొచ్చాడు. ఇద్దరం కలిసి సర్కారును కాసేపు తిట్టుకున్నాం. తర్వాత మెల్లగా అడిగాడు: "సేట్, ఈ సీజన్‌కు మీ బండి దొరుకుతదా?"

కిరాయి చెప్పాను. ఎక్కువంటున్నాడు.