మలయాళం వాళ్లు నేర్పారట!

హైదరాబాద్ శివారు మీర్‌పేట్ ఎక్కడ అంటే ఒకప్పుడు టీకేఆర్ కమాన్, జిల్లెలగూడ అని గుర్తులు చెప్పాల్సి వచ్చేది. 2025 జనవరి నుంచి ఆ బాధ తప్పింది. ‘కుక్కర్ కేసు’ అంటే చాలు, అమెరికాలో ఉన్న అల్లుడికి కూడా తెలిసిపోతుంది.

ఒక ఇల్లాలు కనిపించకుండా పోయింది. చంపి, శరీర భాగాలను కుక్కర్‌లో ఉడికించాడన్న ఆరోపణపై భర్తను పోలీసులు అరెస్టు చేశారు. చానళ్లకు ఇంత చిన్న వాక్యం సరిపోతుందా? తెర మీద కుక్కర్ బొమ్మ, దానికి ఆవిరి, ఆవిరికి నేపథ్య సంగీతం. కింద ‘దృశ్యం తరహాలో’ అని పెద్దక్షరాలు. మర్నాటికి ఇంకో మలయాళ సినిమా దొరికింది. అది చూసే నేర్చుకున్నాడట!

2014లో వచ్చిన మన తెలుగు ‘దృశ్యం’లో వెంకటేశ్ తంటాలన్నీ భార్యాబిడ్డలను కాపాడుకోవడానికి. ఇక్కడ పోయింది భార్య ప్రాణమే. కథ తలకిందులైనా యాంకర్లకు ‘తరహా’ మాత్రం మారలేదు.

సరే, సినిమా చూస్తే విద్య వచ్చేస్తుందనే అనుకుందాం. 1957 నుంచి ‘మాయాబజార్’ చూస్తున్నాం. కూర్చున్నచోటికే లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడే విద్య ఎవరికైనా అబ్బిందా? 1980లో ‘శంకరాభరణం’ చూడని వాళ్లు లేరు. ఎల్బీనగర్ దాకా వెతకండి, ఇంటికో విద్వాంసుడు తేలాలి కదా!

ఇంతకీ, ఏ మలయాళమూ అక్కర్లేని ఒక లెక్కుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగారు: చెప్పకుండా బయటికెళ్తే, అత్తమామల్ని గౌరవించకపోతే, వంట సరిగ్గా చేయకపోతే భార్యను కొట్టవచ్చా? ఏదో ఒక కారణానికి కొట్టొచ్చు అన్న ఆడవాళ్లు తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది. మగవాళ్లు కాదు, ఆడవాళ్లే! ఈ పాఠం ఏ సినిమా తరహా అని ఏ చానలూ చర్చ పెట్టలేదు. పెడితే కేరళ దాకా పోనక్కర్లేదు మరి. పొగరుబోతు కథానాయికను చెంపదెబ్బతో దారికి తెచ్చే హీరోలను దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్, వెంకటాద్రి హాళ్లలో టికెట్ కొని మరీ చూసినవాళ్లం. అదే హీరో సిగరెట్ వెలిగిస్తే తెర మూలన ఆరోగ్యానికి హానికరమని హెచ్చరిక పడుతుంది. చెంప పగలగొట్టినప్పుడు పడేవి ఈలలే.