బీరువ్యాఖ్య
(‘ఫ్యాను నాపి వచ్చి’ అను పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు)

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మెదకు సీమవారు. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ప్రతిజ్ఞ పట్టారు. ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగానికీ కట్టుబడితే పత్రికవారిచ్చిన పేజీలు నిండవు.

కవి పేరు మూలంలో లేదు గనుక చెప్పం. హైదరాబాదులో స్టాండప్ కామెడీ చేసుకునేవాడు. రాత్రిళ్ళు కెఫేల్లో ఓపెన్ మైకులు, శనాదివారాల్లో షోలు, రోజు బాగుంటే ఎవరి సంగీత్‌లోనో యాంకరింగ్. ఇది వృత్తి. పాత తెలుగు సినిమా పాటల మీద పాడ్‌కాస్ట్. ఇది ప్రవృత్తి. వృత్తిలో డబ్బు తక్కువ, ప్రవృత్తిలో అసలే లేదు. ‘మాయాబజార్’ పాట మీద చేసిన ఎపిసోడ్ కింద, వివరణ రాయవలసిన గడిలో, ఇతడు పద్యం పెట్టాడు. వివరణ ఉండాల్సిన చోట పద్యం పెడితే, ఆ వివరణ మరొకరు రాయక తప్పదు. ఈ వ్యాఖ్యకు అదే ప్రయోజనం.

మూలం

ఆ. ఫ్యాను నాపి వచ్చి బట్టల బీరువా
లోన దూరి మైకు తాను పట్టి
పాట గూర్చి చెప్పు పాట మాత్రము వెయ్య
డొక్క ముక్క యైన నొక్కి చూడు

ప్రతిపదార్థం

ఫ్యానున్ = మే నెలలో ప్రాణవాయువుకు మారుపేరైన యంత్రాన్ని; ఆపి వచ్చి = స్విచ్చు దాకా వెళ్ళి కట్టేసి, వెనక్కి వచ్చి; బట్టల బీరువాలోనన్ = ఇస్త్రీ చొక్కాలు, పెళ్ళినాటి సూటు, సన్మానాల్లో కప్పగా మళ్ళీ ఎవరూ కప్పుకోని శాలువాలు ఉండే చోట; దూరి = తల ముందు, తక్కినది తరువాతగా ప్రవేశించి; మైకున్ = ధ్వనిగ్రాహకాన్ని; తాను = తానొక్కడే; పట్టి = చేత ధరించి; పాట గూర్చి = ఒక సినిమా పాటను ఉద్దేశించి; చెప్పున్ = గంటకు తక్కువ కాకుండా పలుకుతాడు; పాట మాత్రము = ఆ పాటను మాత్రం; ఒక్క ముక్క యైనన్ = పల్లవిలో సగమైనా సరే; వెయ్యఁడు = వినిపించడు; నొక్కి చూడు = ఓ శ్రోతా, నమ్మకం లేకపోతే బటన్ నొక్కి నువ్వే పరీక్షించుకో.

తాత్పర్యం

ఉక్కపోతకు ఓర్చి, ఇరుకుకు ఓర్చి, ఒక మనిషి పాటల కార్యక్రమం చేస్తున్నాడు. అందులో పాట లేదు.

విశేషాలు

ఫ్యాను: చెవి ఫ్యాను చప్పుడును రెండు నిమిషాల్లో మరిచిపోతుంది. మైకు మరవదు. ఎడిటింగ్‌లో ఆ గురగురను తీసేసే పనిముట్లున్నాయి గాని, అవి గురగురతోపాటు గొంతులోని జీవాన్నీ కొంత గీకేస్తాయి. అందుకే ఆపడం. ‘ఆపి వచ్చి’ అనడంలో స్విచ్చు దూరంగా ఉందనీ, ఇతడు ముందు మైకు దగ్గర కూర్చుని తరువాత గుర్తొచ్చి లేచాడనీ ధ్వని.

బీరువా: ఇది ఇనప బీరువా అని కొందరి మతం. అది పొసగదు. ఇనప బీరువాలో మనిషి పట్టడు, పట్టినా మాటమాటకీ రేకు మోగుతుంది. గోడలో చేయించిన చెక్క అల్మారా అనే గ్రహించాలి. ఖాళీ గోడల గదిలో మాట గోడను తాకి తిరిగొచ్చి, వెనకే వస్తున్న మాట మీద పడుతుంది. వేలాడే బట్టలు ఆ తిరుగు ధ్వనిని పీల్చేసుకుంటాయి. అయితే అవి పీల్చేది పై స్థాయి శబ్దాలనే. వీధిలో పోయే బుల్లెట్ బండి హోరు లాంటి మంద్రశబ్దం పట్టుచీరలనైనా లెక్కచేయదు. అది పోయేదాకా కవి మౌనం వహిస్తాడు.

పట్టి: ఆక్షేపణ: రికార్డింగుకు మైకును స్టాండుకు బిగించాలి గదా, చేత్తో పడితే కరకరమంటుంది గదా? నిజమే. కాని షూర్ కంపెనీ 1966లో తెచ్చిన ఎస్ఎం58 మైకు లాంటిదాన్ని రోజూ స్టేజి మీద పట్టుకునేవాడికి, చేయి ఖాళీగా ఉంటే మాట రాదు. కనుక ఇది లోపం కాదు, స్వభావోక్తి.

తాను: పద్యానికి ప్రాణం ఈ రెండక్షరాలు.

తెలుగువాడు ఒంటరిగా నవ్వించడం అరుదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. కథకుడు ఊపిరి తీసుకునే జాగాలో తందాన అని అందుకుంటారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఒక్కరే గజ్జె కట్టి, పాడి, ఆడి, నడుమ పిట్టకథతో నవ్వించినా, పక్కన మృదంగమూ వాయులీనమూ ఉండేవి. ధ్వన్యనుకరణ సామ్రాట్టు, వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) నిజంగానే ఒంటరిగా నిలబడ్డారు. కాని ఆయన గొంతులో ఒక ఊరు ఊరంతా కాపురం ఉండేది.

మన కవికి వంత లేదు, మృదంగం లేదు, పరాయి గొంతు లేదు. ఉన్నది తన గొంతు, తన సంగతులు: పోయిన ఉద్యోగం, కుదరని పెళ్ళిచూపులు, కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాట మార్చే నాన్న. ఇతడికి దొరికిన వంత నవ్వొక్కటే. ఓపెన్ మైకులో ఐదు నిమిషాల స్పాటు ఇస్తారు. చివరి నిమిషంలో వెనకనుంచి లైటు చూపిస్తారు. ఆ కాస్త కాలంలో జనం ఎక్కడ నవ్వారో ఫోనులో రికార్డు చేసుకుని, నవ్వు రాని మాటను మర్నాడు తీసేస్తాడు. అలా మాట మాటా రాలి, చివరికి నిలిచినదాన్ని బిట్ అంటారు. అంటే బిట్‌లో సగం రాసింది ఇతడు, సగం కొట్టేసింది జనం. ఒంటరి కళ అని పేరేగాని, ఇతడికి ఊరంతా సంపాదకులే.

బీరువాలోకి వచ్చేసరికి ఆ సంపాదకవర్గం రాజీనామా చేసింది.

నవ్వు: మూలంలో ఈ మాట లేదు కదా అని శంక. లేకపోవడమే ఇక్కడ విషయం. మల్లినాథుని ఆత్మ క్షమించుగాక.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు తెగలు చేసి, ఉత్తములకు స్మిత హసితాలు, మధ్యములకు విహసిత ఉపహసితాలు, అధములకు అపహసిత అతిహసితాలు పంచాడు. స్మితంలో పళ్ళు కూడా కనబడవు. అతిహసితంలో కళ్ళ నీళ్ళు, కేకలు, డొక్కలు పట్టుకోవడం ఉంటాయి. స్టేజి మీద లైట్లు కళ్ళల్లో కొడుతుంటే కవికి ముందు వరుస దాటి ఎవరూ కనబడరు. అతడికి చెవే కొలత. ఉత్తముడి చిరునవ్వు అతడి దాకా రాదు. బిట్ నిలబడిందో పడిందో తేల్చేది అధముల ఘోషే. అందువల్ల కమెడియన్లకు హాలులో ఉత్తములు ఎక్కువైతే చెమటలు పడతాయి.

పాడ్‌కాస్టులో వ్యవహారం తిరగబడుతుంది. మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడు, పక్కవాళ్ళు చూస్తారని, డొక్క పగిలే నవ్వును పెదవి చివరికి కుదించుకుంటాడు. ఎల్బీ నగర్‌లో అధముడిగా ఎక్కినవాడు అమీర్‌పేట వచ్చేసరికి ఉత్తముడైపోతాడు. శ్రోతలందరూ ఉత్తములే, ఒక్కరి నవ్వూ వినబడదు. పంచ్ వేశాక ఎంతసేపు ఆగాలో చెప్పేవాళ్ళు లేక, కవి అలవాటుకొద్దీ ఆగుతాడు. ఆ ఖాళీని తరువాత ఎడిటింగ్‌లో తనే కోస్తాడు. వినబడని నవ్వును కత్తిరించే పని ప్రపంచంలో ఇతడికొక్కడికే పడింది.

పాట గూర్చి: హాస్యగాడికి సంగీతంతో ఏం పని అని పూర్వపక్షం. సిద్ధాంతం: తన గురించి చెప్పి చెప్పి తాను అయిపోయాడు. స్టాండప్‌లో ప్రతి వాక్యానికీ కర్త ‘నేను’. పాట దగ్గర మొదటిసారి కర్త మారాడు. ‘నేను’ దిగి, ఘంటసాల ఎక్కారు.

ఇందుకు ఇంగ్లండులో పూర్వాచారం ఉంది. కెటరింగ్ ఊరి జేమ్స్ ఎకాస్టర్ కామెడీకి రాకముందు బ్యాండ్లలో డ్రమ్స్ వాయించేవాడు. 2017లో మనసు చెదిరి, అంతకు ముందటేడు వచ్చిన ఆల్బములను వందలకొద్దీ కొన్నాడు. సంగీతానికి 2016ను మించిన సంవత్సరం లేదని తీర్మానించి 2019లో పుస్తకం రాశాడు, 2020లో బీబీసీ సౌండ్స్‌కు పాడ్‌కాస్టు చేశాడు. అందులో ప్రతిసారీ ఒక అతిథిని కూర్చోబెట్టి, ఒక ఆల్బం గొప్పదని ఒప్పించబోతాడు. ఒంటరి హాస్యగాడు పాట పేరు చెప్పి వంతను పిలిపించుకున్నాడన్నమాట.

మన కవికి అతిథిని పిలిచే స్తోమత లేదు. ఉన్నా బీరువాలో ఇద్దరు పట్టరు. అందుచేత ఇతడు ఎంచుకున్న పాట గమనించదగ్గది. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు పెళ్ళివిందు ముందు కూర్చుని పాడే పాట. టైటిళ్ళ లెక్కన మాట పింగళి నాగేంద్రరావుది, బాణీ ఘంటసాలది, గొంతు మాధవపెద్ది సత్యానిది, బొజ్జ ఎస్.వి. రంగారావుది. అక్కడ ఘటోత్కచుడికి ప్రేక్షకులు లేరు, వంటకాలున్నాయి. తన ఆకలి మీద తానే పాడుకుంటాడు, తానే నవ్వుకుంటాడు, ఆ నవ్వు కూడా తాళం తప్పదు. భరతుడు హాస్యాన్ని తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఎదుటివారిని నవ్విస్తే పరస్థమనీ రెండుగా విడదీశాడు. రెండూ ఒకే గొంతులో ఒకేసారి పలకడం ఈ పాటలో చూడవచ్చు. జనం నవ్వు కోసం చెవి ఒగ్గి ఆగాల్సిన పనిలేని హాస్యగాడు తెలుగు తెర మీద ఒకడున్నాడు, అతడు రాక్షసుడు. ఎపిసోడ్‌లో కవి గొంతు ఇక్కడే కాస్త తగ్గింది. అది భక్తా, అసూయా అని పండితుల్లో భేదం. రెండూనని మా మతం.

వెయ్యడు: ఇది లోభం కాదు, శాస్త్రభయం.

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు, అది వెలువడిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళ రక్షణ. మాటకూ బాణీకీ, కర్త పోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళు. చట్టమూ సినిమా ఒకే ఏడు పుట్టడం దైవఘటన. లెక్క కడితే, ముద్రణకు 2017 చివరతో విడుదల. పింగళివారు పోయింది 1971లో గనుక మాటకు 2031 చివర విడుదల. ఘంటసాలవారు పోయింది 1974లో గనుక బాణీకి 2034 చివర విడుదల. లోకంలో ప్రాణం ముందు పోతుంది, దేహం తరువాత కాలుతుంది. ఇక్కడ దేహం ఎప్పుడో విముక్తమై తిరుగుతుంటే, లోపలి మాటా స్వరమూ ఇంకా బంధంలో ఉన్నాయి. వేదాంతంలో ఈ స్థితికి పేరు లేదు.

ముప్పై సెకన్ల లోపు వేసుకోవచ్చునని పాడ్‌కాస్టర్ల మధ్య ఒక స్మృతివాక్యం ప్రచారంలో ఉంది. మూలగ్రంథంలో అది కనబడదు. 52వ సెక్షన్ విమర్శకూ సమీక్షకూ న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుందిగాని, సెకన్లు లెక్కపెట్టదు. ఆ న్యాయం ఎంతో తేల్చేది కోర్టు. పాటను పసిగట్టి ఎపిసోడ్ తీసేసే యంత్రానికి సెక్షన్లు రావు. పోనీ తనే పాడవచ్చు గదా అంటే, పాడినా మాటా బాణీ వారివే, అపశ్రుతి ఒక్కటే ఇతడి సొంతం.

అందువల్ల ఇతడు చెప్పడానికి పూనుకున్నాడు. విందు ముందు రాక్షసుడు ఎలా కూర్చున్నాడో, నవ్వు ఏ దెబ్బ మీద పడిందో, గొంతు ఎక్కడ బండబారి ఎక్కడ ముద్దయిందో, అన్నీ మాటల్లోనే. ఇక్కడ ఒక వింత జరుగుతుంది. ఆ పాట తెలియని తెలుగు చెవి ఉండదు. ఇతడు ‘ఇప్పుడు నవ్వుతాడు చూడండి’ అనగానే, మెట్రోలో నిలబడ్డ మనిషి తలలో మాధవపెద్దివారు నవ్వుతారు. పాట శ్రోత దగ్గరే ఉంది, ఇతడు ఎత్తుకోవడమే తరువాయి. బీరువాలో ఉన్నవాడికి వినబడకపోయినా, అవతల ఎవరో తందాన అందుకుంటున్నారు. ఇతడు పాడ్‌కాస్టు మానకపోవడానికి కారణం ఇదేనని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

నొక్కి చూడు: వేమన వాడిన ఆటవెలదినే ఎంచుకుని, వేమన మకుటం పెట్టే చోట ఇతడు బటన్ పెట్టాడు. తక్కిన పాడ్‌కాస్టర్లు లైకు, షేరు, సబ్‌స్క్రైబ్ అని మూడు కోరతారు. ఇతడు ఒక్కటే కోరాడు. ఇది వినయమా, ఆటవెలదిలో చోటు చాలకపోవడమా అనేది సహృదయులు నిర్ణయించాలి.

అలంకారాలు

కారణం లేకుండానే కార్యం జరిగితే విభావన. పాట వెయ్యకుండానే శ్రోతకు వినిపించింది గనుక ఇక్కడ విభావన. కారణం ఉన్నా కార్యం కలగకపోతే విశేషోక్తి. జోకు పడినా నవ్వు వినబడలేదు గనుక విశేషోక్తి కూడా. మొదటిది పాడ్‌కాస్టు సుఖం, రెండోది దాని దుఃఖం.

ఛందస్సు

ఆటవెలది. మొదటి పాదంలో ఫ్యా–బ లకు యతి. ఇంగ్లీషు ఫ్యానుకు తెలుగు బట్టలతో యతి కుదరడం దేశ సమైక్యతకు మంచిది. రెండు, నాలుగు పాదాల్లో ప్రాసయతి.

పాఠాంతరం

ఇది రాబోయే పాఠం. 2035 జనవరి 1న బాణీకి కూడా బంధం వీడుతుంది. ఆ తరువాతి ప్రతుల్లో ‘వెయ్య/డొక్క’ స్థానంలో ‘వేసె/నొక్క’ అని ఉండబోతుంది. ‘త్రము వెయ్య’, ‘త్రము వేసె’ రెండూ సలగణాలే గనుక గణభంగం లేదు, ప్రాసయతి కూడా చెదరదు. కవి ఈ సవరణను ముందే ఊహించి పద్యం కట్టాడని అనిపిస్తుంది. అప్పుడు అర్థం ‘ఒక్క ముక్క అయినా వేశాడు’ అని వస్తుంది. ఎక్కువ వెయ్యడు. ఇన్నేళ్ళు పాట లేకుండా చెప్పడం మరిగినవాడు, ఆ ఒక్క ముక్కా వేసి, దాని మీద మళ్ళీ గంటసేపు మాట్లాడతాడు. కనుక ‘ఒక్క ముక్క యైన’ అన్నది రెండు పాఠాల్లోనూ నిలబడుతుంది.