ఆలూ లేదు, చూలూ లేదు, రూటుకు అయిదు స్టార్లు

ఏటా అక్టోబరులో ప్యారిస్‌లోని ఒక పెద్ద హాల్లో తెర మీద ఫ్రాన్సు పటం వెలుగుతుంది. వచ్చే ఏడాది టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ ఏ ఊళ్ళ మీదుగా, ఏ కొండల మీదుగా సాగుతుందో నిర్వాహకులు అక్కడ చెబుతారు. 2026 రూటును 2025 అక్టోబరు 23న ప్రకటించారు. మొదలు బార్సెలోనాలో, మొత్తం 21 స్టేజీలు, 3,333 కిలోమీటర్లు, ఆల్ప్ దుయెజ్ కొండ మీదికి వరసగా రెండు రోజులు. తెర ఆరకముందే తీర్పులు వచ్చి పడతాయి. ఒకాయన పదికి ఆరు వేస్తాడు. ఇంకొకాయనకు మూడో వారం అద్భుతం, రెండో వారం దండగ. మరొకాయన ఇంత చెత్త రూటు పుట్టి బుద్ధెరిగాక చూడలేదంటాడు. పోటీకి ఇంకా ఎనిమిది నెలలుంది. ఎవరు బరిలో దిగుతారో, ఎవరి కాలర్‌బోన్ ఎప్పుడు విరుగుతుందో, ఏ కొండ మీద వాన పడుతుందో ఎవరికీ తెలీదు. అయినా మార్కులు పడిపోయాయి. సోమలింగానికి నామకరణం అయింది, ఇక వాళ్ళ నాన్నకు పెళ్ళిచూపులే తరువాయి.

నేను ఈ మాటలు రాస్తున్నది సూరత్ జిల్లా పల్సాణా తాలూకా జోల్వా నుంచి. ఇక్కడి నేల బల్లపరుపు. తలెత్తి చూడాల్సినవంటే అద్దకం మిల్లుల పొగగొట్టాలే. కొండ మొహం చూడాలంటే డాంగ్ అడవులు దాటి సాపుతారా దాకా పోవాలి. ఇలాంటి చోట కూడా మన తెలుగు తీర్పరులున్నారు. ఏసీ కింద పడుకుని, ఫోన్లో కొండ బొమ్మను రెండు వేళ్ళతో సాగదీసి, "ఏడు శాతం వాలు ఏం సరిపోతుందండీ, తొమ్మిదన్నా ఉండొద్దూ!" అని పెదవి విరుస్తారు. లిఫ్టు ఆగిన రోజు మూడో అంతస్తుకు ఎక్కుతూ మధ్యలో మెట్ల మీద కూలబడేది కూడా వీరే.

వీరి శిక్షాస్మృతి చిన్నదే. మొదటి వారంలో కొండలు పెడితే "సస్పెన్స్ చంపేశారు". మూడో వారానికి దాస్తే "అప్పటిదాకా అందరూ నిద్రే". టైమ్ ట్రయల్ ఎక్కువైతే "బోరు", తక్కువైతే "కొండలెక్కేవాళ్ళకు రాసిచ్చేశారు". అసలు సూత్రం మాత్రం పైకి చెప్పరు: నా ఆటగాడికి కలిసొచ్చేది మంచి రూటు, కలిసిరానిది కుట్ర.

సరే, వీరి లెక్క ప్రకారమే చూద్దాం. 2012 టూర్‌లో ఒంటరి టైమ్ ట్రయల్స్ అన్నీ కలిపి వంద కిలోమీటర్లు దాటాయి. స్కై జట్టు బ్రాడ్లీ విగిన్స్ గెలిచాడు. 2015లో వాటిని 13.8 కిలోమీటర్లకు కుదించారు. ఈసారి గెలిచింది అదే స్కై జట్టు క్రిస్ ఫ్రూమ్. 2024లో ఇటలీలోని ఫ్లారెన్సులో మొదలెట్టి, ఒలింపిక్స్ వల్ల ప్యారిస్ వదిలేసి, నీస్‌లో ముగించారు. 2025లో లీల్‌లో మొదలెట్టి ఫ్రాన్సు దాటకుండా ప్యారిస్‌లో ముగించారు. రెండుసార్లూ విజేతకు దక్కే పసుపు జెర్సీ తదేయ్ పోగాచార్‌దే. రూటు మారింది, రాత మారలేదు.

తీర్పరులు సున్నా వేసే స్టేజీల సంగతి మరీ తమాషా. 2013లో పదమూడో స్టేజి 173 కిలోమీటర్లు, అంతా చదును. కాగితం మీద కునుకు తీయడానికే పనికొచ్చేది. ఆ రోజు అడ్డగాలి లేచింది. గుంపు ముక్కలైంది. మొత్తం పోటీలో రెండో స్థానంలో ఉన్న వాల్వెర్దే టైరు పంక్చరై దాదాపు పది నిమిషాలు పోగొట్టుకున్నాడు. పసుపు జెర్సీలో ఉన్న ఫ్రూమ్ సైతం ప్రత్యర్థి కాంటడోర్ చేతిలో నిమిషం మీద తొమ్మిది సెకన్లు వదులుకున్నాడు. నవ్విన నాపచేనే పండింది.

పండుతుందని అందరూ చేతులు నులుముకుంటూ చూసిన చేను ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2019లో ఆల్ప్స్ ఆఖరి రెండు రోజుల కోసం తీర్పరులు ఊపిరి బిగబట్టారు. మొదటి రోజు 2,770 మీటర్ల ఇజ్రాన్ కనుమ దాటాక వడగళ్ళు పడి, మట్టిచరియ జారి రోడ్డు మూసుకుపోయింది. కనుమ మీద తీసిన టైములే ఖాయం చేశారు. మర్నాటి 130 కిలోమీటర్ల స్టేజి 59కి తెగింది. 2025లో లా ప్లాన్య్ కొండ స్టేజి 130 కిలోమీటర్ల నుంచి 95కి తగ్గింది. ఎందుకంటే దారిలో సెజీ కనుమ దగ్గర పశువుల మందకు ముద్దచర్మ వ్యాధి సోకింది. 2022లో గుజరాత్ పశువులను పొట్టనపెట్టుకున్న లంపీ అంటే ఇదే. అంతకుముందు అక్టోబరులో ఆ స్టేజికి తొమ్మిదిన్నర వేసినవాళ్ళు ఆవుల కోసం అర మార్కు తగ్గించి ఉంచారా?

మా సూరత్‌లో జకార్డ్ చీర డిజైన్ ముందు కంప్యూటర్ మీద గళ్ళగళ్ళుగా గీస్తారు. ఆ గళ్ళు చూసి కుచ్చిళ్ళు ఎలా నిలుస్తాయో చెప్పే మొనగాణ్ణి మార్కెట్లో ఎవరూ నమ్మరు. నూలేది, బిగువెంత, నేసిందెవరు, ఉతికితే ఏమైంది, ఇవన్నీ తేలాకే మాట్లాడతారు. రూటూ అంతే. అవకాశం ఇవ్వడం వరకే దాని పని, పందెం నడిపేది ఆటగాళ్ళు.

రూటును ముందే తూచిన ఒక పాతకాలపు మనిషి కథ కూడా వినదగ్గదే. 1910లో టూర్‌ను మొదటిసారి పిరనీస్ మహా కనుమలు ఎక్కించాలని పత్రికాయన అల్ఫోన్స్ స్టీనెస్‌కు పట్టుదల పుట్టింది. తూర్మలే కనుమ చూసి రావడానికి తనే వెళ్ళాడు. కారు మంచులో కూరుకుపోయింది. చీకట్లో కాలినడకన మంచులో పడుతూ లేస్తూ దాటి, చావు తప్పి బయటపడ్డాడు. ఆపైన ప్యారిస్‌లో టూర్ నడిపే పెద్దాయన దెగ్రాంజ్‌కు దారి భేషుగ్గా ఉందని తంతి కొట్టాడు! ఆ జులైలో ఆ కొండలెక్కిన ఒక్తావ్ లపీజ్ నిర్వాహకులను హంతకులని తిట్టిపోశాడు. టూర్ కూడా అతనే గెలిచాడు. స్టీనెస్ చెప్పింది పచ్చి అబద్ధం. కాకపోతే దారిలో నడిచి వచ్చి చెప్పిన అబద్ధం. నేటి తీర్పరులకు ఆ పాటి అర్హత కూడా లేదు.

రూటుకు తీర్పు చెప్పగల మనిషిని చూడాలంటే పొద్దున్నే షిఫ్టు మారే వేళ మా రోడ్డు మీదికి రండి. రాత్రంతా మగ్గాల మధ్య నిలబడిన కార్మికుడు సైకిల్ మీద వస్తుంటాడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద తోటివాడు, పక్కనే బట్ట తాకాలు నింపుకున్న టెంపో. రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో అతనికి కాళ్ళతోనే తెలుసు. పెడళ్ళ మీద లేచి నిలబడతాడు, డబ్బా కుదుపుకు మోగదు. నిన్న లేని గుంత ఇవాళ ఉంటే పది అడుగుల ముందే పక్కకు తప్పుకుంటాడు. రూటు ఎలా ఉందని అడిగితే అతను చూసుకునేవి రెండే: ఎక్కడ పడతాం, పడితే వెనకొచ్చే లారీ ఆగుతుందా.

పెద్ద పోటీలకైనా అడగాల్సినవి అవే. 2020 ఆగస్టు 5న పోలండ్ టూర్ తొలి స్టేజి కటోవిత్సేలో ముగిసింది. ముగింపు గీత దిగుడు రోడ్డు మీద. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుండగా గ్రూనవేగన్ అనే ఆటగాడు తన వరస తప్పి పక్కకు జరిగాడు, పక్కనున్న ఫాబియో యాకబ్సన్ బారికేడ్లలోకి ఎగిరిపడ్డాడు. డాక్టర్లు అతన్ని కృత్రిమ కోమాలో ఉంచాల్సి వచ్చింది. గ్రూనవేగన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది, పడాల్సిందే. అదే గీత దగ్గర అంతకు ముందు ఏళ్ళలోనూ స్ప్రింట్లు జరిగాయి. దిగుడు ముగింపుకు మైనస్ మార్కులు వేసిన తీర్పు ఒక్కటైనా ఉందా? ఎక్కుడుకు రంగులద్దే మన తీర్పరులకు దిగుడు కనబడదు.

ఇప్పుడు ఈ జబ్బు మన దాకా రావడానికి దారి పడింది. 2026 జనవరిలో పుణె గ్రాండ్ టూర్ పేరుతో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య గుర్తింపు ఉన్న పోటీ మన దేశంలోనే అయిదు రోజులు జరిగింది. దాని పుణ్యమా అని రోడ్లకు కొత్త తారు పడింది. మన రూటుకు మార్కులు వేయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడితే రెండు వానాకాలాలు ఆగి, ఆ తారు ఇంకా ఉందో లేదో చూసి వేయండి. దానికి సైక్లింగ్ పాండిత్యం అక్కర్లేదు.

తీర్పరులకు ఒకటే విన్నపం. అక్టోబరులో వేసిన మార్కుల కాగితాన్ని జులై ఆఖరున బయటికి తీయండి. పక్కన జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం పెట్టి నలుగురికీ చూపించండి. అలా చూపించిన తీర్పరి ఇంతవరకూ నా కంటబడలేదు. ఎదురైతే ఆయనకు పదికి పది నేనే వేస్తాను.