గాన్ల పటేలు

కరీంనగర్ నుంచి జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ దాకా ఊరికొక గాన్ల పటేలు ఉంటాడు. నిజంగా పటేలుగిరీ ఉండాలని లేదు. రెండెకరాల పొలం, సెకండ్‌హ్యాండు మినీ ట్రాక్టరు, దాని వెనక చిన్న ట్రాలీ ఉంటే చాలు. అసలు పేరు ఓటరు లిస్టులో భద్రంగా ఉంటుంది. ధ్యాసంతా బండి గాన్ల మీదే గనుక ఊరు పెట్టిన పేరు ఇది.

ఆగి ఉన్న బండి కనిపిస్తే ఆయన డ్రైవరును పలకరించడు, టైర్లను పలకరిస్తాడు. చెప్పుకాలితో ఒక్క తన్ను తన్ని, తల వంచి చప్పుడు విని, "గాలి తక్కువున్నదే" అని తీర్పు చెప్తాడు. అప్పుడే గాలి కొట్టించుకొని వచ్చిన బండికీ అదే తీర్పు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు మొఖం గుర్తుండదు, అతను దిగిన కారుకు ఏ కంపెనీ టైర్లో గుర్తుంటుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినా అంతే. మెస్రం వంశీయులు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి విడిది చేసే చోట ఆయన వంగి వంగి తిరుగుతూ, చెక్క గాన్లు ఎన్నింటికి, టైర్లు ఎన్నింటికి అని లెక్క పెడుతుంటాడు. దర్శనానికి ఎప్పుడు పోదామని ఇంటామె అడిగితే "లైను తగ్గనియ్యి" అంటాడు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. "గాను పెద్దగుండాలె. తక్కినదంత దానంతటదే సర్దుకుంటది."

ఇందులో సగం నిజం ఉండడమే చిక్కు. చిన్న ట్రాలీలకు చాలాచోట్ల ఆటో టైర్లే వేయిస్తారు, చవక గనుక. 4.00-8 ఆటో టైరు ఎత్తు సుమారు 16 అంగుళాలు. జీపుకు వేసే 6.00-16 టైరు 28 అంగుళాల పైచిలుకు. ఆటో టైరు దిగబడిపోయే గుంత మీదుగా జీపు టైరు ఓ కుదుపుతో దాటిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చిన్నది నిమిషానికి 520 చుట్లు తిరగాలి, పెద్దదానికి 300 చుట్లు సరిపోతాయి. అన్ని చుట్లు తిరిగిన చిన్నదాని బేరింగు పట్టణం చేరేసరికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్న టైరు పత్తి చేను దాటకముందే ఇరుసు దాకా దిగి కూర్చుంటుంది.

తాతల కాలంలో ఈ గొడవ లేదని పటేలు వాదన. నిజమే, అప్పటి చెక్క గాను మనిషి ఛాతీ దాకా వచ్చేది. వడ్లాయన ఆకులు కూర్చి గాను కట్టేవాడు. కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి దానికి తొడిగి, పైన నీళ్లు గుమ్మరిస్తే పట్టా ముడుచుకొని కర్రను కరిచిపట్టేది. ఇంతవరకు పటేలు కళ్లకు కట్టినట్టు చెప్తాడు. అదే వడ్లాయన ఇరుసుకు ఎంత శ్రద్ధ పెట్టేవాడో మాత్రం చెప్పడు. బండ్ల బాటలో పడ్డ గాడి వెడల్పు చూసి ఇరుసు పొడవు పెట్టేవాడు. జానెడు తేడా వచ్చిందంటే ఒక గాను గాడిలో, రెండోది గట్టు మీద నడిచేవి. మొయ్యాల్సిన బరువును బట్టి మందం ఉండేది. పటేలు తాత బండి నలభై ఏళ్లు నడిచిందంటే అందులో గాను ఎత్తుకు ఎంత పాలుందో ఇరుసు కొలతకూ అంతే పాలుంది. కానీ ఇరుసు బండి కింద చీకట్లో ఉంటుంది, దాన్ని తన్ని చూడటం కుదరదు.

గాలి టైరు కథ కూడా ఆయనకు కొంత తెలుసు. బెల్‌ఫాస్ట్‌లో కొడుకు తొక్కే మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి గాలి టైరు చేసి, 1888లో పేటెంటు తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తికి పశువుల డాక్టరు. ఆ డాక్టరు పేరు పెట్టుకున్న కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత మన ఎడ్లబండ్లకు గాలి టైర్లు వచ్చాయి. ఇప్పటికీ వాటిని 6.00-19, 7.00-19, 8.00-19 సైజుల్లో కంపెనీలు ప్రత్యేకంగా చేస్తున్నాయి. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఏళ్ల తరబడి ఎడ్లబండి మీద పనిచేసి, ఎద్దు సత్తువ ఎక్కడెక్కడ వృథా అవుతుందో చూపించారు. గాలి టైర్లతో పాటు మంచి బేరింగులు కావాలన్నారు, ఎద్దు మెడ మీద బరువు తగ్గాలన్నారు. పటేలుకు చెప్తే మొదటి మాట వరకే విని, "చూసినవా, గంత పెద్దసారే టైర్లన్నడు" అంటాడు.

పటేలు ట్రాలీ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. పాత సామాన్ల దుకాణంలో రెండు జీపు టైర్లు డిస్కులతో సహా బేరమాడి కొన్నాడు. టైర్లు కొన్నాక ఇరుసు గుర్తొచ్చింది. వెల్డింగు షెడ్డుకు పోతే ఉన్న హబ్బుకు నాలుగు బోల్టులు, తెచ్చిన డిస్కుకు ఐదు రంధ్రాలు.

"భాయ్, నాలుగు బోల్టులు చాలవా? ఇంకొకటి లేకుంటే ఏమైతది?"

"పటేలా, ఐదుట్ల నాలుగు కాదు, ఒక్కటి సుత కలుస్తలేదు."

హబ్బులు మారాయి. టైరు ఎక్కిస్తే తొట్టి పక్కలకు రాసుకుంటోంది. వెడల్పు ఇరుసు వేయించమని మేస్త్రీ అన్నాడు. పటేలుకు ఖర్చు నచ్చలేదు. పాత ఇరుసుకే రెండు కొసలా జానెడు జానెడు అతుకు వేయించి సమస్య తీరిందనుకున్నాడు. ట్రాలీ ఆరంగుళాలు లేచింది. ట్రాక్టరు కొక్కెం మాత్రం ఉన్నచోటే ఉంది. దాంతో ట్రాలీ ముక్కు నేలకు వంగి, లోపల పోసిందల్లా ముందుకు జారడం మొదలైంది. అయినా ఆ వారమంతా పటేలు చాయ్ హోటలు ముందే ట్రాలీ నిలిపాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించాడు. ట్రాలీ కూడా 1988 మోటారు వాహనాల చట్టం కింద వాహనమే, ఇలా మార్పులు చేస్తే ఆర్టీఓ అనుమతి ఉండాలని స్కూలు సారు ఒకాయన గుర్తుచేశాడు. "బర్రెకు కొమ్ములు పెరిగితే గవర్మెంటుకు దరఖాస్తు పెడ్తమా సారూ?" అన్నాడు పటేలు. హోటలంతా నవ్వింది. సారు చెప్పిందే నిజం, కానీ ఆ పూట గెలిచింది పటేలే.

పత్తి తోలినన్నాళ్లు బాగానే నడిచింది. పత్తి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. బస్తాలు మీదికి మీదికి పేర్చిన ట్రాలీ మార్కెట్ యార్డు మలుపుల్లో ఊగితే జనం పక్కకు జరిగారు, అంతకుమించి ఏమీ కాలేదు. ఇల్లు కట్టుకుంటున్న అల్లుడికి సాయం చేద్దామని మానేరు ఇసుక నింపాడు, అక్కడొచ్చింది తంటా. ఆ తొట్టిలో నిండా ఇసుక పోస్తే బరువు టన్నున్నర దాటుతుంది. మొదట గాన్ల తలలు లోపలికి వాలాయి. పటేలు చూసి "గది స్టైలు" అన్నాడు. తర్వాత అతుకు పక్కనే ఇరుసు పుటుక్కుమంది. ఇసుక సగం రోడ్డు మీద, సగం ట్రాలీలో. కొత్త టైర్లకు మాత్రం గీత కూడా పడలేదు, అదే చూసుకొని మురిశాడు.

మేస్త్రీ ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "పటేలా, ముందుగాల బరువెంతో చెప్పు. బరువును బట్టి ఇర్సు. ఇర్సును బట్టి హబ్బు, బేరింగు. గాన్లు ఆఖర్కి." ఆయన చెప్పిన లెక్కలో తిరుగు లేదు. చదరపు కడ్డీ ఇరుసు బలం దాని మందం ఘనంతో పెరుగుతుంది. 40 మిల్లీమీటర్లకు బదులు 50 వేస్తే మందం పావు వంతే పెరుగుతుంది గానీ బలం దాదాపు రెట్టింపవుతుంది. కమాను కూర్చున్న చోటు నుంచి గాను ఎంత దూరం జరిగితే ఇరుసును వంచే శక్తి అంత పెరుగుతుంది. అందుకే జానెడు అతుకు అంత పని చేసింది. అసలే గట్టి ఉక్కు, వెల్డింగు వేడికి అతుకు పక్క భాగం పెళుసుబారుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. మేస్త్రీ అతుకు లేని కొత్త ఇరుసు వేశాడు. కమాన్లను ఇరుసు కిందికి దించి తొట్టి ఎత్తు తగ్గించాడు, కొక్కెం సరిచేశాడు. కొక్కెం మీద పదో వంతుకు కాస్త పైన బరువు పడేలా ఇరుసును నడిమికి కొంచెం వెనక పెట్టాడు. పటేలు అంతా విని, "గదే నేను మొదట్నుంచి చెప్తున్న" అన్నాడు.

ఇప్పుడాయన టైర్లను తన్నడం తగ్గించాడు. బైకు వెనక గడ్డి ట్రాలీ కట్టుకొని పోయే పోరగాళ్లను నిలిపి, రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చొని కిందికి తొంగి చూస్తున్నాడు. "తమ్మీ, గిది ఎన్ని మిల్లీమీటర్ల ఇర్సు?" అని అడుగుతాడు. ఎంత చెప్పినా "సన్నగున్నది" అనే తీర్పు చెప్తాడు. పాత సామాన్ల దుకాణంలో ఒక లారీ ఇరుసు మీద ఆయన కన్ను పడిందని, దాన్ని ఇదే చిన్న ట్రాలీకి వేయించే ఆలోచనలో ఉన్నాడని హోటల్లో చెప్పుకుంటున్నారు.

మీరు ట్రాలీ చేయించే పని పెట్టుకుంటే మీ ఊరి గాన్ల పటేలును తప్పకుండా వెంట తీసుకుపోండి. బేరం ఆడటంలో ఆయన్ని మించినవాడు లేడు. కొలతలు తీసేటప్పుడు మాత్రం ఆయనకు చాయ్ చెప్పి, టేపు మేస్త్రీ చేతికి ఇవ్వండి.