తొంభై నిమిషాల సముద్రం

మా మనవడు పొద్దున హైదరాబాద్‌లో ఇడ్లీ తిని విమానమెక్కి, మధ్యాహ్నం భోజనానికి అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇంకా కంచంలో చెయ్యి పెట్టలేదు, ఫోను తీసి, “తాతా, రేపు రాధానగర్ బీచికి ముగ్గురికీ బోటు బుక్ చేసేశాను. తొంభై నిమిషాల్లో హేవలాక్ దీవిలో దింపేస్తాడట” అన్నాడు.

తొంభై నిమిషాలు! మా రోజుల్లో ఆ టికెట్టు కోసం నిలబడ్డ వరస కదలడానికే అంతకంటే ఎక్కువ పట్టేది.

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం పక్క ఊరు. 1982లో ఇక్కడ తెలుగు బడిలో పంతులు ఉద్యోగం దొరికితే, పెళ్లయి నెల తిరగని మా ఆవిడని, అదే మీ మామ్మని, వెంటబెట్టుకుని విశాఖ రేవుకి వచ్చాను. ఓడ నెలకొకటి వస్తే గొప్ప. ఫలానా తేదీ అనేవారు, ఆ తేదీకి వచ్చేది కాదు. పెదవాల్తేరులో చుట్టాలింట్లో తొమ్మిది రోజులు పడి ఉన్నాం. ఆరో రోజు నుంచి కూరలో ఉప్పు తగ్గింది. మర్యాదగా వెళ్లమనడానికి మావాళ్లకి అంతకంటే మంచి పద్ధతి లేదు.

ఓడలో మాది బంకు క్లాసు. నీటి మట్టానికి కింద పెద్ద హాలు, అందులో వరసలుగా ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఇంజను చప్పుడు వెన్నులోకి దిగేది. మూటలో అటుకులు, జంతికలు, ఆవకాయ జాడీ. ఏమీ తోచకపోతే డెక్కు మీదికి పోవడమే. డాల్ఫిన్స్ నోస్ కొండ చెయ్యంత అయి, వేలంత అయి, మాయమైపోయాక చుట్టూ నీళ్లే. మొదటి రోజు ఆకుపచ్చ, రెండో రోజు నీలం, ఆ తర్వాత సిరా. ఎగిరే చేపలు గుంపుగా లేచి మళ్లీ పడేవి. 56 గంటలని చెప్పిన ప్రయాణం మూడు రాత్రులకి తక్కువ పట్టలేదు. నాలుగో పొద్దున హాడో రేవులో కాలు పెడితే నేల ఊగింది. వచ్చామని అప్పుడు తెలిసింది. ఇప్పుడు విమానం దిగినవాడికి ఏం ఊగుతుంది? వచ్చేశామా అని వాడే ఫోనుని అడుగుతున్నాడు.

ఇక పేర్లు. నేను దిగినప్పుడు ఇది పోర్ట్‌బ్లెయర్, 2024 నుంచి శ్రీ విజయపురం. హేవలాక్ 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది. మంచిదే, తెల్ల సేనానుల పేర్లు మోయాల్సిన పని మనకేం? కానీ మాకు ‘స్వరాజ్ ద్వీప్’ అంటే దీవి కాదు, ఓడ. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టింది. మా అమ్మాయి పెళ్లికి అందులోనే వెళ్లాం. “స్వరాజ్ ద్వీప్‌లో మూడు రాత్రులున్నాం రా” అంటే, మనవడు “ఏ రిసార్టు తాతా?” అని అడిగాడు.

హేవలాక్‌కి మా రోజుల్లో ఒక్కటే దారి. ఫీనిక్స్ బే జెట్టీలో సర్కారు బోటు. రెండున్నర గంటలని రాసి ఉండేది. అది బోటుకి తెలిసేది కాదు. డెక్కు మీద అరటి గెలలు, వక్క బస్తాలు, కోళ్ల గంపలు, బియ్యం మూటలు, వాటి మధ్య మనుషులం. హేవలాక్‌లో ఉండేది తూర్పు పాకిస్తాన్ నుంచి ఆస్తి వదిలి వచ్చిన బెంగాలీ కుటుంబాలు. సర్కారు అడివి చూపించి బతకమంది. వాళ్లు కొట్టుకుని దున్నుకుని, ఊళ్లకి దేవుడి పేర్లు పెట్టుకున్నారు: గోవింద్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్, రాధా నగర్. ఈ కుర్రకారుకి ఆ రాధ ఎవరో అక్కర్లేదు, ‘ఏడో నంబరు బీచి’ అంటే చాలు.

జెట్టీ నుంచి ఆ బీచికి 12 కిలోమీటర్లు. బస్సుంటే బస్సు, లేకపోతే దుంగల లారీ, అదీ లేకపోతే కాళ్లు. మొదటిసారి మేం నడిచే వెళ్లాం. వరి మళ్లు, వక్క తోటలు, తర్వాత ఆకాశానికి నిచ్చెన వేసినట్టు చెట్లు. ఆ చీకట్లోంచి ఒక్కసారిగా తెల్లటి ఇసక. ఒడ్డు పొడుగునా మేమిద్దరమే. మీ మామ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, “ఇంత చోటు ఎవరిదండీ?” అంది.

ఎవరిదో 2004లో తెలిసింది. అమెరికా వాళ్ల ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచి ఇదేనంది. అంతే, లోకమంతా బయల్దేరింది. 2020లో మన రుషికొండతో పాటు దీనికీ బ్లూ ఫ్లాగ్ వచ్చింది. జెండా చూడ్డానికి ఇంకొంతమంది.

దారులూ పెరిగాయి. 2010 ఆఖర్లో ‘జల్ హంస్’ అని నీళ్ల మీద వాలే విమానం తెచ్చారు. హంసలాగే కొన్నాళ్లు కనబడి ఎగిరిపోయింది. హెలికాప్టరుంది. దాంట్లో సీటు ముందు రోగులకీ, స్థానికులకీ, సర్కారు పనుల మీద పోయేవాళ్లకీ. అద్దాల తలుపుల ప్రైవేటు బోట్లొచ్చాయి. నన్నడిగితే ఆ దీవికి తగ్గ వాహనం ఏనుగు. నవ్వకండి. పడౌక్ దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగులు ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంటూ పోయేవి. కలప పని ఆగాక మిగిలిన రాజన్ అనే ఏనుగు ముసలితనంలో హేవలాక్ నీళ్లలో ఈదుతుంటే చూడ్డానికి విదేశాల నుంచి డబ్బిచ్చి వచ్చేవారు. 2016లో పోయింది. టికెట్టూ జెట్టీ లేకుండా సముద్రం దాటిన ఆఖరి పెద్దమనిషి.

సరే, మర్నాడు బయల్దేరాం. సామాను మిషన్లో పెట్టారు, కార్డులు చూశారు, లోపల కూర్చోబెట్టి తలుపు మూశారు. ఏసీ చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. సముద్రం అద్దానికి అవతల, మనవడు ఫోనుకి అవతల. టీవీలో హిందీ పాట. “ఇది ప్రయాణమా? పార్సెలు! మా రోజుల్లో సముద్రాన్ని ఒంటితో దాటేవాళ్లం. మూడు రాత్రుల్లో ఒక్కసారి తల తిరిగిందా నాకు?” అన్నాను.

మీ మామ్మ కిటికీ వైపే చూస్తూ, “తల తిరగలేదు, కడుపు తిరిగింది. బకెట్టు పట్టుకుంది నేను” అంది.

మనవడు మొదటిసారి ఫోను దించాడు.

“మీ తాత చెప్పనిది ఇంకోటుంది” అని ఆవిడే అందుకుంది. “ఓసారి సెలవులకి హేవలాక్‌లో తాత స్నేహితుడింట్లో ఉన్నాం. వాళ్ల కోడలికి రాత్రి నొప్పులు అడ్డం తిరిగాయి. బోటు పొద్దునే. పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని తెల్లార్లూ జెట్టీ మీద కూర్చున్నాం. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు నాకు ఎగిరే చేపలు కాదండీ కావలసింది, ఎగిరే బోటు.”

నాకు ఆ రాత్రి గుర్తుంది. ఆ లైటు చుట్టూ తిరిగిన పురుగులు కూడా గుర్తున్నాయి. నా ‘మా రోజుల్లో’లోకి ఆ రాత్రి ఎప్పుడూ ఎందుకు రాలేదో అప్పటికి జవాబు తోచలేదు. బీచి దాకా నోరు మెదపలేదు.

రాధానగర్‌లో సూర్యాస్తమయానికి జాతర. ఇసకలో కాలు పెడదామంటే ఎవరో ఒకరి ఫొటోలో పడుతున్నాం. చెట్లు మాత్రం అవే. మీ మామ్మ మళ్లీ చెప్పులు చేత్తో పట్టుకుంది. ఈసారి ఏమీ అడగలేదు.

నన్ను సంతోషపెట్టాలని మనవడు తిరుగు ప్రయాణానికి సర్కారు బోటు టికెట్లు పట్టాడు. డెక్కు మీదికి చెయ్యిపట్టి ఎక్కించాడు. గాలి, ఉప్పు వాసన, నూనె వాసన, అన్నీ పాతవే. కాసేపటికి ఎగిరే చేపలూ లేచాయి. చూపించబోతే మోకాలు పట్టేసింది. నెత్తి మాడిపోతోంది. అరగంట ఓర్చుకుని, వాడికి మాత్రమే వినబడేలా, “కింద నీడలో సీటేమైనా దొరుకుతుందేమో చూడరా” అన్నాను.

మీ మామ్మకీ వినబడింది. నవ్వలేదు. కొంగు తీసి నా నెత్తి మీద కప్పింది.

అయినా ఒక మాట. మా రోజుల్లో ఎండ కూడా ఇంత ఉండేది కాదు.