టవర్‌ని యాప్‌తో పట్టించే విధానం

ఎదురు డాబా మీద సెల్ టవర్ లేచిందా? ఆలస్యం చేయకండి. ఫోనులో రేడియేషన్ కొలిచే యాప్ ఒకటి ఎక్కించుకోండి. ఉచితంగా వచ్చేదే మేలు. ఆకుపచ్చలోంచి ఎరుపులోకి పరిగెత్తే ముల్లూ, దానికి తోడు కుయ్యిమనే మోతా ఉండి తీరాలి. ఉత్త అంకెలు చూపిస్తే అసోసియేషన్ మీటింగులో ఎవరూ తలెత్తి చూడరు. అనుభవం మీద చెబుతున్నాను.

ముల్లు కింద చిన్న అక్షరాల్లో మైక్రోటెస్లా అని ఉంటుంది. ఎవరికైనా చూపించేటప్పుడు దాని మీద బొటనవేలు పెట్టండి. అది అయస్కాంత బలానికి కొలతట. ఫోనులో దిక్సూచి కోసం పెట్టిన సెన్సర్‌ని ఈ యాప్ చదువుతుందట. భూమి వల్లే మన వైపు ఎప్పుడూ 40 పైచిలుకు చూపిస్తుందట. టవర్ తరంగాలు సెకనుకు కోట్ల సార్లు ఊగుతాయి కాబట్టి పాపం ఆ సెన్సర్‌కి వాటి ఊసే తెలియదట. ఈ 'ట'లన్నీ మా మేనల్లుడివి. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాడు. అలాంటివాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే, కొలిచే వేళకి పాల ప్యాకెట్ తెమ్మని పంపించేయండి.

ఇక కొలిచే చోటు. టవర్ వైపు కిటికీ ఇనుప చువ్వలకి ఫోను ఆనించండి, ముల్లు ఎగిరిపడుతుంది. బీరువా పక్కనా బాగానే వస్తుంది. ఫ్రిజ్ తలుపు అంచు దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. ఆ రబ్బరు లోపల అయస్కాంతపు పట్టీ ఉంటుందని మా ఆవిడ అంది గానీ, ఆవిడకి టవర్ మీద మొదట్నించీ సాఫ్ట్ కార్నర్. ఎదురింటి వాళ్ళు నెలనెలా అద్దె తీసుకుంటున్నారన్న బాధ ఆవిడకి లేదు. ఒకరోజు టవర్ చెడిపోయి సాయంత్రం దాకా సిగ్నల్ రాలేదు. అప్పుడూ చువ్వల దగ్గర అదే 68. అంటే ఆ విషం అప్పటికే గోడల్లోకి ఇంకిపోయిందన్నమాట.

ఇలాంటి రోజుల్లో ఫోను తలగడ కింద పెట్టుకునే పడుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోనే గొంతు చించుకుని ఎక్కువ శక్తితో అరుస్తుందని పుస్తకాల్లో రాస్తారు. మన ఫోను మనల్ని ఏం చేస్తుంది?

కెమెరాతో అణుధార్మికత కొలిచే యాప్‌లు ఇంకో జాతి. ఇవి ఉత్త బూటకం కాకపోవడమే ఇబ్బంది. కెమెరా కంటికి నల్ల టేపు వేస్తే వెలుతురు ఆగిపోతుంది, గామా కిరణం మాత్రం దూసుకొచ్చి సెన్సర్ మీద తెల్లచుక్క పెడుతుంది. ఆ చుక్కల్ని లెక్కపెట్టాలి. మామూలు ఇంట్లో ఉండే కాస్త రేడియేషన్‌కి ఎంతసేపు కూర్చున్నా చుక్కలు పెద్దగా రాలవు. పైగా ఏ మోడల్ ఫోనుకి ఆ మోడల్‌కే లెక్క సరిచూడాలి. అంత ఓపిక మనకెందుకు? టేపు బదులు వేలు అడ్డం పెట్టండి, సందుల్లోంచి వెలుతురు దూరి చుక్కలిస్తుంది. ఇంకా కావాలంటే మే నెల మిట్టమధ్యాహ్నం ఫోనుని డాబా మీద ఉంచండి. సెన్సర్ వేడెక్కి తనంతట తనే చుక్కలు పుట్టిస్తుంది. టవర్ నుంచి గామా కిరణాలు రావు నిజమే. ఆ సంబంధం మీటింగులో మనమే కలపాలి.

అరటిపండ్లలో పొటాషియం-40 అని సహజంగానే కాస్త రేడియోధార్మికత ఉంటుందంటారు. ఒక అత్తం పక్కన పెట్టి చూశాను, ఒక్క చుక్కా లేదు. ఫోనుకి కనపడలేదంటే లేనట్టే. నిశ్చింతగా తినండి.

ఒక్క జాగ్రత్త. ఎవరైనా తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్ మాటెత్తితే వెంటనే మాట మార్చండి. అందులో 4000 రూపాయలు కడితే టెలికాం శాఖవాళ్ళు అసలైన మీటరుతో వచ్చి కొలుస్తారు. 2012 సెప్టెంబరు నుంచి మన దేశపు పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే. వాళ్ళు కొలిచి, అంతా దానికి లోపలే ఉందని కాగితం ఇచ్చి వెళ్ళిపోతే, ఆరు నెలలుగా నేను నోటుబుక్కులో రాసుకున్న అంకెలు ఏం కావాలి?

మీటింగు ఆదివారం పదింటికి. నా ఫోనుకి పుస్తకంలా మూసుకునే కవరుంది, చివర అయస్కాంతం గుండీ. నిన్న తుడుద్దామని కవరు తీస్తే పడకగదిలో 140 కాస్తా 43కి పడిపోయింది. వెంటనే తొడిగేశాను. మీరూ కవరుతోనే రండి.