దిక్కు తెలియనివ్వని స్పీకరు కథ

వాన కురుస్తున్నప్పుడు ఆ చప్పుడు ఫలానా చోటి నుంచి వస్తోందని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. అది నాలుగు వైపుల నుంచీ కమ్ముకుంటుంది. అలాంటి శబ్దాన్ని గదిలో పుట్టించడానికే తయారైంది డైపోల్ సరౌండ్ స్పీకరు. దీని జాతి 1990 ప్రాంతంలో టీహెచ్‌ఎక్స్ హోం థియేటర్ ప్రమాణాలతో పాటు ఇళ్లలోకి వచ్చింది.

దీనికి రెండు ముఖాలు. ఒకటి తెర వైపు, మరొకటి వెనక గోడ వైపు చూస్తుంది. ఒక ముఖంలో శబ్దం పుట్టించే కోను ముందుకు తోసే క్షణానికి రెండోది వెనక్కి లాగుతుంది. అందుకే సరిగ్గా పక్కన కూర్చున్న మనిషి దగ్గర రెండు తరంగాలూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అతనికి చేరేది గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దమే. తన ఉనికి తెలియకుండా పాడటమే ఈ స్పీకరు పని. ఆ పనిని చిన్నచూపు చూడనక్కర్లేదు.

మనిషి దిక్కును పసిగట్టేది ముఖ్యంగా రెండు చెవుల మధ్య తేడాతోనే. ఎడమ నుంచి వచ్చిన శబ్దం కుడి చెవిని సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా, కాస్త తగ్గి చేరుతుంది. ఈ తేడా నిలకడగా ఉంటే మెదడు చోటు చెప్పేస్తుంది. ఒకదానితో ఒకటి పొంతనలేని శబ్దాలు అన్ని వైపుల నుంచీ ఒకేసారి వస్తే ఆ తేడా క్షణక్షణం మారిపోతుంది. అప్పుడు శబ్దం ఒక చోట కుదురుకోక చుట్టూ పరుచుకుంటుంది. మంద్రమైన శబ్దాలకు ఇది అంతగా వర్తించదు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. దాని ముందు తల చాలా చిన్నది, కాబట్టి రెండు చెవులకూ దాదాపు ఒకే శబ్దం అందుతుంది.

స్పీకర్లు ఎక్కువైతే చాలు, శబ్దం కమ్ముకుంటుందనుకోవడం పొరపాటు. ఇళ్లలో వాడిన పాత సరౌండ్ పద్ధతి డాల్బీ ప్రోలాజిక్‌లో సరౌండ్ ఛానల్ ఒక్కటే. దాన్నే రెండు పక్కలా ఇస్తే, మధ్యలో కూర్చున్నవారికి శబ్దం తల దగ్గర ముద్దగా వినిపిస్తుంది. కాస్త పక్కకు జరిగితే దగ్గరి స్పీకరుకే అతుక్కుంటుంది, ముందుగా చేరిన శబ్దానికే చెవి ఓటేస్తుంది కనుక. అందుకే టీహెచ్‌ఎక్స్ పద్ధతిలో కుడి ఎడమలకు వెళ్లే సంకేతాల పొంతనను కావాలని చెడగొట్టేవారు.

పొంతన లేని శబ్దాలకు ఎన్ని స్పీకర్లు కావాలి? జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పరిశోధకులు 2002లో దీన్ని పరీక్షించారు. శ్రోత చుట్టూ వలయంగా అమర్చిన 24 స్పీకర్లు ఇచ్చే అనుభూతికి, 60 డిగ్రీలకొకటి చొప్పున పెట్టిన ఆరు స్పీకర్లు దగ్గరగా రాగలిగాయి.

ఆ తర్వాతి డాల్బీ డిజిటల్ పద్ధతితో సరౌండ్ ఛానళ్లు రెండయ్యాక డైపోల్ అవసరం తగ్గింది. 2014లో ఇళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో హెలికాప్టర్ ఎక్కడ ఎగిరితే శబ్దం అక్కడే వినబడాలి. కాబట్టి దానికి నేరుగా పలికే స్పీకర్లే తగినవి. హోరుకు, వానకు, జనసందడికి మాత్రం డైపోల్ ఇప్పటికీ పనికొస్తుంది. ఇంట్లో పాత జత ఉన్నవారు దాన్ని కుర్చీకి సరిగ్గా ఇరుపక్కలా, చెవి కన్నా ఎత్తున బిగించాలి. కుర్చీని మూరెడు ముందుకు జరిపినా శబ్దం సద్దుమణిగే ఆ చోటు తప్పిపోతుంది.